నాగేంద్ర గారి లాన్సర్ బ్రేకులు

పులివెందుల బస్టాండు ఎదురుగా ఉన్న టీ అంగట్లో నాగేంద్ర రోజూ పొద్దున పేపరు జిల్లా పేజీ తెరిచి ముందుగా ప్రమాద వార్తలు చదువుతాడు. పైకే చదువుతాడు. చదివిన ప్రతి వార్తకూ తీర్పు ఒకటే. లారీ బోల్తా పడినా, ట్రాక్టరు కాలువలో దిగినా, ఎవరో ముసలాయన సైకిలు మీదినుంచి జారిపడినా, పేపరు మడిచి, టీ గ్లాసు కింద పెట్టి, "బ్రేకు మీద ధ్యాస లేదప్పా" అంటాడు. ఒకసారి కమలాపురం దగ్గర ఎనుము అడ్డం వచ్చి ఆటో పడిపోయిన వార్తకు కూడా అదే మాట అన్నాడు. టీ పోసే ఆయన "ఎవరికి ధ్యాస లేదు మామా, ఎనుముకా ఆటోకా?" అని అడిగాడు. నాగేంద్ర పేజీ తిప్పాడు. తెలియనివాళ్లతో వాదించడం ఆయనకు ఇష్టం ఉండదు.

ఆయన పల్లె పులివెందులకు ఆనుకునే ఉంటుంది. వయసు యాభై దాటింది. తండ్రి పెట్టిపోయిన చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. దాన్ని చూసుకోవడానికి భార్య యశోదమ్మ ఉంది. ఏ చెట్టుకు తెగులు తగిలిందో, ఏ కొమ్మ కొట్టేయాలో, మండీలో ఎవరి మాట నమ్మకూడదో ఆమెకు తెలుసు. నాగేంద్రకు తోటకు పోయే దారి తెలుసు. ఆ దారిన వెళ్లి, గట్టు మీద నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, "బాగుండాది" అని చెప్పి తిరిగి వచ్చేవాడు. నాగేంద్రను చెడ్డవాడని పల్లెలో ఎవరూ అనరు. చెడ్డవాడు కావాలన్నా పొద్దున లేచి కొంత పాటుపడాలి.

కారు కంటే ముందు ఆయనకు ఎద్దులు ఉండేవి. ఇక్కడ తిరునాళ్ల వచ్చిందంటే బండలాగుడు పోటీ ఉంటుంది. పెద్ద రాతిబండకు ఎద్దుల జతను కట్టి లాగిస్తారు. ఇచ్చిన గడువులో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లు గెలిచినట్టు. నాగేంద్ర ఒక జతను కొని, ఉలవలు పెట్టి మేపి, పోటీలకు తిప్పాడు. పోటీ రోజు పొద్దున తన చేత్తోనే వాటి కొమ్ములకు ఆముదం పట్టించి మెరిసేదాకా తుడిచేవాడు, గిట్టలకు పసుపు రాసేవాడు, మెడలో బంతిపూలు వేసేవాడు. సింగారంలో ఆయన జతకు సాటి లేదు. లాగడానికి వస్తే మాత్రం ఒక తిరునాళ్లలో అవి మధ్య దారిలో బండతో సహా ఆగి, నింపాదిగా పడుకున్నాయి. మైకులో చెప్పే ఆయన "నాగేంద్ర గారి ఎద్దులు విశ్రాంతి తీసుకుంటాండాయి, దయచేసి అల్లరి చేయొద్దండి" అన్నాడు. ఆ మాట చాలా కాలం ఊళ్లు తిరిగింది. బండ బరువు తప్పు తూచారని నాగేంద్ర ఇప్పటికీ అంటాడు.

ఎద్దులు పోయాక లాన్సర్ వచ్చింది. బెంగళూరులో ఎవరో కుర్రాడు ముచ్చటపడి వాడి, పెళ్లయ్యాక వదిలించుకున్న పాత కారు అది. ర్యాలీలో పరుగెత్తిన బండి అని నాగేంద్ర చెప్పేవాడు. దానికి రుజువు డోరు మీద అంటించి పీకేసిన అంకె తాలూకు మచ్చ ఒకటే. అయితే ఇంజను మాట అబద్ధం కాదు. ఇరవై ఏళ్లు దాటినా అది బాణంలా పోయేది. పోయిన తర్వాత ఆగడమే కష్టం. ముందు చక్రాల్లో డిస్కును పట్టుకునే పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. రబ్బరు పైపులు ఉబ్బాయి. బ్రేకు ఆయిలు కాఫీ డికాషన్ రంగుకు వచ్చింది. పెడల్ రెండు మూడు సార్లు తొక్కితేనే గాని బండికి ఆ సంగతి చేరేది కాదు. నాగేంద్ర దానికి అలవాటు పడ్డాడు. ఆగాల్సిన చోటికి చాలా ముందునుంచే తొక్కడం మొదలుపెట్టి, అది తన నేర్పు అనుకునేవాడు.

ఈ కారు కథలోకి బోరు రావడానికి కారణం యశోదమ్మ. తోటలో పాత బోరు ఎండిపోయింది. చెట్ల మీద కాయ ఉంది. ఎండలు ముదిరేలోగా కొత్త బోరు పడకపోతే ముందు కాయ రాలుతుంది, తర్వాత చెట్టు ఎండుతుంది. చీనీ చెట్టు ఒకసారి ఎండితే మళ్లీ అంత చెట్టు కావడానికి ఏళ్లు పడుతుంది. కిందటి కాపు మీద వచ్చిన డబ్బును ఆమె బోరు కోసమని దాచింది. జమ్మలమడుగులో కమాల్ బాషా అనే ఆయనకు బోరు లారీ ఉంది. కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా చేసి, తిరిగి వచ్చి, ఆ లారీనీ, ఒక కొత్త కారునూ కొన్నాడు. యశోదమ్మ ఫోనులో ఆయనతో మాట్లాడి, డబ్బు భర్త చేతికిచ్చి పంపింది. ఆమె జీవితంలో చేసిన పెద్ద తప్పుల్లో అది రెండోదని ఆమె చెల్లెలు అంటుంది.

నాగేంద్ర లాన్సర్‌లో జమ్మలమడుగు వెళ్లాడు. కమాల్ బాషా ఇంటి ముందు అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నాగేంద్ర చేయి ఊపుతూ వచ్చి, చేయి ఊపుతూనే వాళ్లను దాటి పోయాడు. వీధి చివర మసీదు మలుపు దగ్గర బండి ఆగింది. మళ్లీ వెనక్కు నడుపుకుంటూ వచ్చాడు.

"మామా, మా ఇల్లు ఈడుంటే నువ్వు ఆడికి పోయినావేంది?" అన్నాడు కమాల్ బాషా.

"ఊరక చూద్దామని పోయినా."

"ఏం చూసినావు?"

"వీధి బాగుండాది."

అరుగు మీద ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. కమాల్ బాషా లేచి బండి చుట్టూ తిరిగి చూశాడు. ఆయన ఎకసెక్కంగా అనలేదు, డ్రైవరుగా అన్నాడు: "బండి ఉరుకుతాది సరే మామా. నిలబడతాదా?"

ఆ ఒక్క మాట నాగేంద్రకు తగిలింది. ఎద్దులు పడుకున్నాయని నవ్వినవాళ్లు ఇప్పుడు బండి నిలబడదని నవ్వుతున్నారు. చీనీ కాయ రాలిపోతుందన్న మాట ఏ రోజూ తగలని చోట ఈ మాట తగిలింది. బోరు మాట ఎత్తకుండా, జేబులో డబ్బు జేబులోనే పెట్టుకుని, అటునుంచి అటే ప్రొద్దుటూరు పోయాడు.

ప్రొద్దుటూరులో బ్రేకు పని అంటే హుమాయున్ దగ్గరికి పొమ్మంటారు. లారీల బ్రేకు లైనర్లకు రివెట్లు కొట్టే అంగడి అతనిది. అతనికి తన పని మీద ఉన్న గర్వం ఊరంతటికీ వినిపిస్తుంది. సుత్తి చప్పుడు కంటే నోరే పెద్దది. లాన్సర్‌ను చూడగానే, "ఎవురప్పా దీన్ని ఇంతదాకా ప్రాణాలతో తోలుకొచ్చింది?" అన్నాడు.

నాగేంద్ర దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. "నేనే."

హుమాయున్ చక్రాలు విప్పి చూసి, పిస్టన్లు కడిగి సీళ్లు మారిస్తే, డిస్కులు లేతు మీద చదును చేసి కొత్త ప్యాడ్లు వేస్తే బండి బాగా ఆగుతుందన్నాడు. వారం పని.

"అది గాదు. పెద్ద డిస్కులు గావాల. చిల్లులుంటాయే, అవి."

"చిల్లులెందుకప్పా?"

"గాలి ఆడాల."

"గాలి ఆడల్లంటే కిటికీ తెరుచుకో."

"ఎర్ర రంగు గూడా ఉండాల. చక్రం సందులో నుంచి కనపడాల."

హుమాయున్ నాగేంద్రను ఎగాదిగా చూశాడు. ఎరుపు కావాలనే మనిషితో వాదించడం అంగడికి మంచిది కాదని అతనికి తెలుసు. "చేస్తా" అన్నాడు. "ఎరుపేంది, కావాల్నంటే జరీ గూడా పెడతా."

వారం అన్నది నెలలు పట్టింది. పెద్ద డిస్కులు బెంగళూరు పాత సామాన్ల సంతలో దొరికాయి. అవి ఈ బండివి కావు కాబట్టి, వాటిని బిగించడానికి ఇనుప పట్టీలు కొత్తగా కోయించాల్సి వచ్చింది. మొదట కోసిన పట్టీ వెంట్రుకవాసి తేడాతో చక్రానికి రాసుకుంది. హుమాయున్ లేతు వాణ్ని తిట్టాడు, లేతు వాడు హుమాయున్‌ను తిట్టాడు. తీరా చూస్తే కొలత తప్పు ఇచ్చింది హుమాయునే. వెనక చక్రాలకున్న డ్రమ్ముల్ని గీయించి కొత్త లైనర్లు వేశాడు. ఉబ్బిన రబ్బరు పైపులు తీసేసి స్టీలు తీగ అల్లిన పైపులు బిగించాడు. ఎర్ర రంగు రెండు సార్లు వేయాల్సి వచ్చింది, ఎందుకంటే మొదటిసారి వేసినది నాగేంద్రకు "పేదెరుపు"గా అనిపించింది. ప్రతిసారీ నాగేంద్ర బస్సులో వచ్చి, స్టూలు మీద కూర్చుని, పని చూసి, "బాగుండాది" అని చెప్పి, అడిగినంత ఇచ్చి పోయేవాడు.

ఇంట్లో యశోదమ్మ బోరు లారీ కోసం చూస్తోంది.

"ఎప్పుడొస్తాదంట?"

"వస్తాది లే. వాళ్లకు యాడాడో పనులుండాయి."

ఎండలు మొదలయ్యాయి. ఆమె ట్యాంకరు నీళ్లు తెప్పించింది. అవి తోటంతటికీ చాలవు కాబట్టి ఒక వరుస వదిలి ఒక వరుసకు పోయించింది. ఏ వరుసను వదలాలో ఆమే నిలబడి చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు సాయంత్రం ఆమె కమాల్ బాషాకు తానే ఫోను చేసింది. దుడ్లు ముట్టలేదు, బోరు మాటే ఎవరూ ఎత్తలేదు అని అతను చెప్పాడు. నాగేంద్ర సంగటి తింటున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"బోరు దుడ్లు యాడ?"

"యాడికీ పోలా. మన బండిలోనే ఉండాయి."

"బండిలోనా?"

"బ్రేకులు చేపిస్తాండా. పాణానికి సంబంధించిన పని గదా అది."

"ఎవరి పాణం? నువ్వు రోజూ బస్టాండు దాకా పోయి టీ తాగొచ్చేదానికి అంత పెద్ద బ్రేకులా? చెట్లకు నీళ్ల బదులు బ్రేకాయిలు పోస్తావా?"

"ఒమ్మే, గమ్మునుండు. నీకు తెల్దు."

"నాకు తెలీకనే నీ చేతికిచ్చినా" అని ఆమె కంచం ముందునుంచి పప్పు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. నాగేంద్ర మిగిలిన సంగటిని ఊరగాయతో తిన్నాడు. నాలుగు రోజులు అలిగినట్టు ఉండి చూశాడు. ఇంట్లో ఎవరూ గమనించలేదు.

చివరికి బండి తయారైంది. హుమాయున్ దాన్ని ప్రొద్దుటూరు బైపాసు మీదికి తీసుకుపోయి, వేగంగా పోనిచ్చి తొక్కాడు. పక్కన కూర్చున్న నాగేంద్ర నుదురు అద్దానికి తగలబోయింది. తొక్కిన చోట ముద్దలా కూర్చుంది బండి. పని విషయంలో హుమాయున్‌కు వంక పెట్టడానికి లేదు. కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకునేదాకా మెత్తగా తొక్కమని, ఆ తర్వాత ఎంతైనా తొక్కమని చెప్పి తాళంచెవి ఇచ్చాడు.

నాగేంద్ర ఇంటికి పోలేదు. సూటిగా జమ్మలమడుగు పోయి, కమాల్ బాషా అరుగు ముందు కిర్రుమని ఆపాడు. ఈసారి ఇంటి ముందే ఆగింది.

"చూసినావా?"

"చూసినా మామా. ఎర్రగా బాగుండాయి."

"ఎరుపు గాదప్పా. నిలబడింది చూడు. నీ కువైటు దుడ్లు పెట్టి కొన్న కొత్త కారు గూడా ఇట్ల నిలబడదు."

కమాల్ బాషా నవ్వాడు. "అట్లయితే తిరునాళ్లలో చూద్దాం. బండలాగుడు అయినాక, అందరి ముందర."

అప్పుడు నాగేంద్రకు తన జీవితంలోకెల్లా తెలివైన ఆలోచన వచ్చింది. కనీసం ఆయన లెక్కలో అది అలాంటిదే. "నీ బండి కంటే నా బండి తక్కువ దూరంలో నిలబడితే మా తోటలో బోరు ఊరకే వెయ్యాల."

"నిలబడకపోతే?"

"బండి నీది."

అరుగు మీదివాళ్లు ఓహో అన్నారు. ఇంతమంది ముందు వద్దనడం కమాల్ బాషాకూ చేతకాలేదు. చేయి చాపాడు. నాగేంద్ర ఇంటికి వచ్చి, ఉద్యోగం వచ్చిన కొడుకులాగా, "నీ బోరు తెస్తాండా పో" అని భార్యకు చెప్పాడు. సంగతంతా విని యశోదమ్మ పక్కనున్న చెల్లెలితో అంది: "చూసినావా. బోరు దుడ్లు పెట్టి బ్రేకులు కొన్న్యాడు. ఇప్పుడు బ్రేకులు పెట్టి బోరు తెస్తాడంట. మధ్యలో నా చెట్లు కండ్లు తెరుచుకుని చూస్తాండాల." అయినా తిరునాళ్లకు వెళ్లింది. ఆ బండి ఆగితే తోటకు నీళ్లు వస్తాయి, ఆగకపోతే రావు. చూడకుండా ఎలా ఉంటుంది?

తిరునాళ్లకు ముందురోజు సాయంత్రం నాగేంద్ర జమ్మలమడుగులో కారుకు వాటర్ సర్వీసు చేయించి, పోటీ జరిగే బీడు పక్కనే చెట్టు కింద నిలిపాడు. పొద్దున లేచి చూసేసరికి డిస్కుల మీద సన్నగా గోధుమరంగు పొర కట్టి ఉంది. కడిగిన ఇనుప డిస్కు మీద రాత్రికి రాత్రే తుప్పు పొర రావడం మామూలే. ఒకసారి బ్రేకు తొక్కితే ప్యాడ్లే దాన్ని గీసేస్తాయి. కార్లు తోలేవాళ్లలో చాలామంది దాన్ని చూసి కూడా ఉండరు, ఎందుకంటే వాళ్లు డిస్కుల్ని చూస్తూ కూర్చోరు. నాగేంద్ర చూశాడు. కొత్త సామాన్లకు తుప్పు! హుమాయున్‌కు ఫోను చేసి అడగవచ్చు. అడిగితే తనకు తెలియదని అతనికి తెలుస్తుంది. అందుకని అడగలేదు.

ఆయనకు తెలిసిన విద్య ఒకటుంది. చుట్టూ ఎద్దుల జతలు కట్టేసి ఉన్నాయి, వాటి యజమానులు కొమ్ములు తుడుస్తున్నారు. నాగేంద్ర నాలుగు చక్రాలూ విప్పించాడు. ఆముదం సీసా తెప్పించి, పాత పంచె గుడ్డతో ముందు డిస్కులకు రెండు వైపులా పట్టించాడు. చిల్లుల్లోకి కూడా పుల్లకు గుడ్డ చుట్టి పట్టించాడు. వెనక డ్రమ్ములు పైకి మాత్రమే తుడిచి, వాటి మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. డిస్కును పట్టుకునే ఎర్ర రంగు భాగానికి బంతిపూలు చుట్టి, తర్వాత చక్రం తిరగదని గుర్తొచ్చి తీసేశాడు. కొబ్బరికాయ కొట్టాడు. డిస్కులు నిజంగానే మెరిశాయి. పక్క జత యజమాని వచ్చి చూసి, "కొమ్ముల మాదిరి మెరుస్తాండాయి మామా!" అన్నాడు.

"ఎద్దుకైనా బండికైనా మన సేవే అప్పా" అన్నాడు నాగేంద్ర. ఆయన ముఖంలో అంత తృప్తి పెళ్లి ఫోటోలో కూడా లేదు.

చక్రాలు బిగించాక ఆయన బండిని తోలుకుంటూ పోలేదు. ఎద్దుల్ని బరికి తీసుకుపోయేటప్పుడు ముందు తప్పెట్లు వాయిస్తారు, మనుషులు నడిపించుకుంటూ పోతారు. తన బండికీ అదే మర్యాద కావాలన్నాడు. కుర్రాళ్లు నలుగురు వెనకనుంచి తోశారు, తప్పెట్లు ముందు పోయాయి, నాగేంద్ర స్టీరింగు పట్టుకుని ఎడమచేత్తో దండాలు పెడుతూ పోయాడు. బ్రేకు మీద కాలు పెట్టే అవసరం ఆయనకు దారిలో ఒక్కసారి కూడా రాలేదు.

బీడు పక్కన కొత్తగా వేసిన, ఇంకా ఎవరికీ తెరవని తారు రోడ్డు ఉంది. బండలాగుడు కమిటీ వాళ్లే దాని మీద సున్నంతో గీత గీశారు. బండి వేగంగా వచ్చి ఆ గీత మీద బ్రేకు తొక్కాలి. ఎంత దూరంలో ఆగిందో టేపు పెట్టి కొలుస్తారు. ముందు కమాల్ బాషా కొత్త కారు వచ్చింది. గీత మీద తొక్కాడు, ముక్కు వంచి ఆగింది. కొలిచారు. అక్కడొక గీత గీశారు. యశోదమ్మ ట్రాక్టరు ట్రాలీలో ఆడవాళ్ల మధ్య నిలబడి ఆ రెండో గీతనే చూస్తోంది. లాన్సర్ దానికి ఇవతల ఆగాలి. హుమాయున్ తన పనితనం చూసుకోవడానికి మోటరు సైకిలు మీద వచ్చాడు. "చూస్తాండండి, దానికి సగంలో నిలబడతాది" అని నలుగురికి వినపడేలా అన్నాడు.

లాన్సర్ బయలుదేరింది. ఇంజను మోతకు ఎద్దులు తలలెత్తాయి. మొదటి గీత మీదికి వచ్చింది. నాగేంద్ర తొక్కాడు. పెడల్ గట్టిగానే ఉంది. ఆగాల్సిన బండి మాత్రం ఆగలేదు. ముందు చక్రాల్లో ప్యాడ్లు ఆముదం పూసిన ఇనుమును పట్టుకోవాలని చూసి జారిపోయాయి. వెనక బ్రేకులు ఒంటరిగా ఎంత పీకినా అంత వేగాన్ని ఆపలేవు. లాన్సర్ కమాల్ బాషా గీతను దాటింది.

మైకులో ఉన్నది బండలాగుడు మైకాయనే. ఎక్కువ దూరం పోతే గొప్ప అనే లెక్క ఆయన గొంతులో ఏళ్లుగా పాతుకుపోయింది. ఆయన నోరు ఆగలేదు: "పోతాంది, పోతాంది! గీత దాటింది! నాగేంద్ర గారి బండి ఇంకా పోతానే ఉంది! శెభాష్!" జనం కూడా అలవాటు ప్రకారం ఈలలు వేశారు. షామియానా దాటింది. నీళ్ల తొట్టి దాటింది. రోడ్డు మలుపు తిరిగిన చోట బండి తిరగకుండా సూటిగా దిగి, ఎద్దుల మేతకు ఎండిన వేరుశనగ తీగలతో వేసిన చెనిక్కట్టె వామిలోకి నడుము దాకా దూరి ఆగింది. "వచ్చిన దూరం కొలవండప్పా!" అని మైకాయన ఉత్సాహంగా అరిచి, అప్పుడు ఏం జరిగిందో గ్రహించి, గభాలున గొంతు తగ్గించాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాగేంద్ర చెనిక్కట్టె దులుపుకుంటూ బయటికి వచ్చి మొదట అన్న మాట, "గీత తప్పు గీసినారు." రెండో మాట, "రోడ్డు పల్లం ఉండాది." మూడోది హుమాయున్‌ను చూసి: "నీ పని ఇట్లనా ఏడ్చింది?"

హుమాయున్ ముఖం నల్లబడింది. వంగి ముందు చక్రం విప్పాడు. చక్రం వస్తుండగానే కాలిన ఆముదం వాసన వచ్చింది. డిస్కు మీద వేలు పెట్టి రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి పెట్టుకున్నాడు, నమ్మలేక.

"ఏందప్పా ఇది?"

"ఆముదం. తుప్పు పట్టింది. తుడిచినా."

"ఆముదమా! బ్రేకుకు తలంటు పోసినావా? కుంకుడుకాయ గూడా తెచ్చినావా, యాడన్నా పెట్టినావా?"

"నూనె తగలగూడదని నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు. పాలల్లో ఉప్పెయ్యొద్దని గూడా చెప్పలేదు. పాణం ఉన్నోడెవడన్నా బ్రేకుకు నూనె పూస్తాడని నాకు కలొచ్చిందా?" హుమాయున్ చుట్టూ ఉన్న జనం వైపు తిరిగి, చేతులెత్తి, "నా పనిలో తప్పు లేదప్పో! సాక్షులు మీరే!" అని అరిచాడు. నవ్వు అప్పుడు మొదలైంది. ఎద్దులు వామి మీద పడి, కారు బానెట్టు మీది చెనిక్కట్టెను నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాయి.

నాగేంద్ర తాళంచెవి కమాల్ బాషా చేతికిచ్చాడు. కమాల్ బాషా దాన్ని తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు. "నాకొద్దు మామా. ఇంటికి తోలుకుపో. పాత బండి, నేనేం చేసుకునేది?"

దయతో అన్న మాటే అది. గెలిచినవాడు పందెం సొమ్ము ముట్టుకోవడానికి కూడా ఇష్టపడలేదు. అందరి ముందూ అంతకంటే పెద్ద అవమానం లేదు. నాగేంద్రకు అది అవమానంలాగా తోచలేదు. బండి మిగిలిందని ముఖం వెలిగింది. తాళంచెవిని గబుక్కున జేబులో వేసుకున్నాడు.

యశోదమ్మ ట్రాలీ దిగి వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె భర్త జేబులో చేయి పెట్టి తాళంచెవి తీసింది.

"అబ్బాయా" అంది కమాల్ బాషాతో, "పందెంలో పోయింది పోయిందే. ఇది మా ఇంటికి రాగూడదు."

"అక్కా, నేను కావాలని పందెం కట్టలేదు..."

"నువ్వు దయ చూపితే నా చెట్లకు నీళ్లు రావు. దీంట్లో ఉండే బ్రేకులు నా బోరు దుడ్లు. పోయిన కాపు కాయ అంతా ఆ చక్రాల్లో ఉండాది. హుమాయున్ భాయ్, నువ్వు చెప్పు. కడిగితే బాగైతాయా, కావా?"

హుమాయున్ ఛాతీ విరుచుకున్నాడు. "డిస్కులు కడిగి ప్యాడ్లు కొత్తవి వేస్తే నా తల మీద నిలబెట్టొచ్చమ్మా. ప్యాడ్లు నా అంగట్లోవి. ఇంత నవ్వు నవ్వినాక దుడ్లు అడగను."

"విన్నావు గదా. బెంగళూరులో ఇట్లాంటి తిక్కలోళ్లు ఇంకా ఉంటారు. అమ్ముకో. నాకు బోరు వెయ్యి. పందెం గాదు, బేరం."

"ఒమ్మే, అది నా బండి" అన్నాడు నాగేంద్ర.

"నీ బండి కట్టె మేస్తాంది, పో, నీళ్లు గూడా తాపు" అంది ఆమె, అటు తిరగకుండానే.

కమాల్ బాషా హుమాయున్ వైపు చూశాడు, చక్రం వైపు చూశాడు, యశోదమ్మ వైపు చూశాడు. తాళంచెవి తీసుకున్నాడు. హుమాయున్ అన్నమాట ప్రకారం చేశాడు. శుభ్రం చేసిన ఆ బ్రేకుల్ని చూసి బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు బేరం కూడా సరిగ్గా ఆడకుండా బండి తీసుకుపోయాడు. ఆ వారంలోనే బోరు లారీ పులివెందుల పక్క పల్లెకు వచ్చింది. రాయి తగిలింది, మళ్లీ రాయి తగిలింది, దుమ్ము తోటంతా కమ్మింది. యశోదమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది. లారీ పని ఇక చాలిద్దామా అని కమాల్ బాషా అడగబోయే వేళకు దుమ్ము బురద అయింది. నీళ్లు ఉప్పెనలా ఏమీ రాలేదు, తోటకు సరిపడా వచ్చాయి. ఆమె వదిలేసిన వరుసల్లో కొన్ని చెట్లు అప్పటికే ఎండిపోయాయి, మిగిలినవి చిగురించాయి. ఎండిన చెట్లను పీకించి ఆ గుంటల్లో కొత్త మొక్కలు నాటించింది.

నాగేంద్ర ఈ కథను వేరేగా చెబుతాడు. తోట ఎండిపోతుంటే చూడలేక ప్రాణంలాంటి బండిని బోరుకు ఇచ్చేశానంటాడు. ఆముదం ప్రస్తావన అందులో ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లు కొందరు నమ్ముతారు కూడా. టీ పోసే ఆయన గ్లాసులు కడుగుతూ ఊరకే వింటాడు.

ఇప్పుడు తోటకు నీళ్లు వదిలే పని నాగేంద్రది. మోటారు స్టార్టరు పెట్టె తాళంచెవి యశోదమ్మ దగ్గర ఉంటుంది.